ఇద్దరూ డాన్‌లే: పేర్లు తప్పుగా వింటున్న ఒక ఏజెంట్ కేసు

హైదరాబాద్‌లో కాల్ సెంటర్లకు వాయిస్ ట్రైనర్‌గా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఈ కేసులో ముందు దిద్దుకోవలసి వచ్చింది నన్ను నేనే, అందుకే రాస్తున్నాను. ఏజెంట్‌ను సుధ అందాం, అది అసలు పేరు కాదు. ఆమె ఊరు, కంపెనీ, తేదీలు తీసేశాను. పేషెంట్ల ఇంటిపేర్లు ఎక్కడా లేవు. అమెరికా వైద్య సమాచారం మీద 1996 నాటి హిపా చట్టం ఉంది కాబట్టి రికార్డింగులు ఫ్లోర్, అంటే కాల్స్ తీసుకునే హాలు, దాటి బయటికి రావు. ఇక్కడ రాసినవన్నీ పక్కన కూర్చుని విన్నవే.

నేపథ్యం

సుధకు ఇరవై నాలుగేళ్లు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, డిగ్రీ ఇంగ్లీషు మీడియం. అమెరికా క్లినిక్‌లకు అపాయింట్‌మెంట్లు తీసుకునే ప్రాసెస్‌లో చేరింది. కాల్స్ ముఖ్యంగా ఒహాయో ఉత్తర భాగం, పెన్సిల్వేనియా పశ్చిమ భాగం, టెన్నెసీ, అరిజోనాల నుంచి వచ్చేవి. కొత్త పేషెంట్ అయితే పేరు, పుట్టిన తేదీ, ఇన్సూరెన్స్ కార్డు నంబరు ఎక్కించాలి. వెంటనే సిస్టమ్ ఇన్సూరెన్స్ చెల్లుతుందో లేదో చూస్తుంది. కార్డు మీద ఉన్న పేరుకూ మనం కొట్టిన పేరుకూ పొంతన లేకపోతే రికార్డు దొరకదు. అప్పుడు పేషెంట్ మళ్లీ కాల్ చేయాలి, క్లినిక్ వాళ్లు మాకు మెయిల్ పెట్టాలి, తప్పు ఏజెంట్ ఖాతాలో పడాలి.

ఆమె ఇంగ్లీషుకు వంక పెట్టే పని లేదు. మందుల పేర్లు, వీధుల పేర్లు మిగతావాళ్లకంటే బాగా పట్టుకునేది. మొదటి పేర్ల దగ్గరే దెబ్బతినేది. ఒక డాన్‌కు బదులు ఇంకో డాన్. అంటే డి-ఓ-ఎన్ రాయాల్సిన చోట డి-ఏ-డబ్ల్యూ-ఎన్. మొదటిది మగవాళ్ల పేరు, రెండోది ఆడవాళ్లది. ఆరన్‌కు బదులు ఎరిన్, జెన్నీకి బదులు జిన్నీ, డాన్‌కు బదులు డ్యాన్. ఆరు వారాల్లో మూడు వార్నింగులు వచ్చాయి. ఇంకొకటి వస్తే ఫ్లోర్ నుంచి తీసేస్తారు. క్వాలిటీ టీమ్ ఫారం మీద ఒక్క ముక్క రాసి నా దగ్గరికి పంపింది: "లిజనింగ్ ప్రాబ్లమ్, ఎంటీఐ". మాతృభాష ప్రభావం అని అర్థం. మా రంగంలో ఏ జబ్బుకైనా ముందు రాసే పేరు ఇదే.

మొదటి రోజు సుధ అడిగిన మాట ఇప్పటికీ గుర్తుంది. "మేడమ్, నాకు రెండూ ఒకటే వినిపిస్తున్నాయి. నా చెవిలోనే ఏదైనా తేడా ఉందంటారా?" అప్పటికే సొంత డబ్బు పెట్టుకుని ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లి ఆడియోగ్రామ్ తీయించుకుంది. చెవులు నిక్షేపంగా ఉన్నాయి.

నేను వేసిన మొదటి అంచనా

క్వాలిటీ టీమ్ మాటనే నేనూ నమ్మాను. నా లెక్క ఇది. ఇంగ్లీషులో పెదాలు గుండ్రంగా చుట్టి పలికే ఆ అచ్చుకు తెలుగులో అక్షరం లేదు. అందుకే డాక్టర్, కాలేజీ, ఆఫీసు అని 'ఆ'తో రాసుకుంటాం, అలాగే పలుకుతాం. ఆ లెక్కన డి-ఓ-ఎన్ కూడా డానే, డి-ఏ-డబ్ల్యూ-ఎన్ కూడా డానే. రాతలో లేని తేడా చెవికీ ఉండదు, కాబట్టి చెవికి శిక్షణ ఇవ్వాలి. వినడానికి సబబుగానే ఉంది కదా. తప్పంతా అక్కడే జరిగింది, తెలియడానికి నెల పట్టింది.

రెండు వారాలు జంట పదాల డ్రిల్, అంటే ఒక్క శబ్దం తేడాతో ఉండే పదాలను జతలుగా వినడం, చేయించాను. నా దగ్గరున్న ఆడియో దక్షిణ ఇంగ్లండ్ ఉచ్చారణది, పాత బీబీసీ తరహా. నాలుగో రోజుకే సుధకు దాదాపు అన్నీ సరిగ్గా వచ్చాయి. నేను సంతోషపడ్డాను. ఆమె ఫ్లోర్ మీదకు తిరిగి వెళ్లింది. తప్పులు ఒక్కటి కూడా తగ్గలేదు.

ఇక్కడ నేను గమనించాల్సింది ఒకటుంది. ఆ దక్షిణ ఇంగ్లండ్ ఉచ్చారణలో డి-ఓ-ఎన్ అచ్చు పొట్టిది, డి-ఏ-డబ్ల్యూ-ఎన్ అచ్చు పొడుగుది. హ్రస్వ దీర్ఘాల తేడా తెలుగు చెవికి పుట్టుకతో వచ్చిన విద్య. సుధ టేపులో పట్టుకున్నది ఆ పొడుగునే. అమెరికాలో ఆ తేడా పాటించేవాళ్లు కూడా దాన్ని నిడివి మీద కంటే నోరు తెరిచే తీరు మీద, పెదాల గుండ్రం మీద ఎక్కువ చూపిస్తారు. అంటే నేను ఆమెకు ముందే వచ్చిన దానిలో పరీక్ష పెట్టి, పాసైందని మురిసిపోయాను.

ఆ రెండు వారాల వల్ల నష్టం కూడా జరిగింది. టెన్షన్ పెరిగి ప్రతి పేరుకూ "పార్డన్?" అనడం మొదలుపెట్టింది. అవతలివాళ్లు అదే పేరును ఇంకా గట్టిగా చెప్పేవారు. గట్టిగా చెప్పినంత మాత్రాన అచ్చు మారదు.

రాష్ట్రాల పట్టిక

రెండో ప్రయత్నం కొంచెం చదువుకుని చేశాను. అమెరికా భాషా శాస్త్రవేత్త విలియం లబోవ్, ఆయన సహచరులు 1990లలో ఉత్తర అమెరికా అంతటా ఫోన్ ద్వారానే జనంతో మాట్లాడి, ఏ ప్రాంతంలో ఏ అచ్చు ఎలా పలుకుతున్నారో సర్వే చేశారు. అది 2006లో అట్లాస్‌గా వచ్చింది. ఫోన్‌లో విన్న గొంతులు కాబట్టి మా పనికి ఇంతకంటే దగ్గరి సరుకు దొరకదనిపించింది. ఆ సమాచారంతో సుధకు ఒక పట్టిక చేసిచ్చాను. పశ్చిమ పెన్సిల్వేనియాలో రెండు డాన్‌లూ ఒకటే, కాకపోతే పెదాలు గుండ్రంగా ఉంటాయి. అరిజోనాతో సహా పశ్చిమ రాష్ట్రాల్లోనూ రెండూ ఒకటే, కానీ గుండ్రం ఉండదు, మన 'ఆ'కు దగ్గర. టెన్నెసీలో 'న', 'మ' ముందు 'ఎ' కాస్తా 'ఇ' అవుతుంది, కాబట్టి జెన్నీ జిన్నీలా వినిపిస్తుంది. ఉత్తర ఒహాయోలోని క్లీవ్‌లాండ్ చుట్టుపక్కల, గ్రేట్ లేక్స్ ఒడ్డు నగరాల్లో నాలుక ముందుకు జరిగి డాన్ డ్యాన్‌లా, నాలుక పైకి లేచి యాన్ ఇయాన్‌లా వినిపిస్తాయి.

ఫ్లోర్ మీదకు పెన్నూ కాగితమూ రానివ్వరు, చెరిపేసే చిన్న వైట్‌బోర్డు తప్ప. అందుకని పట్టిక అంతా బట్టీ పట్టింది. వారం తిరగకముందే అదీ పనికిరాదని తేలింది. స్క్రీన్ మీద కనిపించే ఏరియా కోడ్ ఆ మొబైల్ నంబరు ఎక్కడ కొన్నారో చెబుతుంది, మనిషి ఎక్కడ పెరిగాడో చెప్పదు. అరిజోనా క్లినిక్‌లది మరీ అన్యాయం. ఒహాయో, మిషిగన్, ఇల్లినాయ్‌ల చలి పడలేక రిటైరయ్యాక అక్కడికి చేరినవాళ్లు బోలెడుమంది. స్క్రీన్ మీద అరిజోనా, నోట్లో క్లీవ్‌లాండ్. పట్టిక నమ్ముకుని సుధ డ్యాన్ అని విన్నదాన్ని డ్యాన్ అనే రాసింది. ఆయన డాన్. తరాల తేడా కూడా ఉంది. గ్రేట్ లేక్స్ నగరాల్లో కుర్రవాళ్లు ఆ పాత పలుకుబడిని చాలావరకు వదిలేస్తున్నారు.

నేను కూడా తప్పు రాసిన కాల్

ఇక పట్టికలు పక్కన పెట్టి, రెండో హెడ్‌సెట్ తగిలించుకుని ఆమె పక్కన కూర్చున్నాను. మూడో రోజున పశ్చిమ పెన్సిల్వేనియాలోని పిట్స్‌బర్గ్ వైపు నుంచి ఒక పెద్దాయన తన భార్యను రిజిస్టర్ చేయించడానికి ఫోన్ చేశారు. పేరు చెప్పారు. నేను నా వైట్‌బోర్డు మీద డి-ఓ-ఎన్ అని రాశాను. గుండ్రటి అచ్చు పొట్టిగా వినపడేసరికి, టేపుల మీద పెరిగిన నా చెవి అలా తీర్పు చెప్పేసింది. భార్య అని విన్నాక కూడా నా చేయి అదే రాసింది. సుధ కూడా అదే కొట్టింది. రికార్డు దొరకలేదు. ఆయన విసుక్కోకుండా అక్షరాలు చెప్పారు: డి, ఏ, డబ్ల్యూ, ఎన్.

ఆ తర్వాత ఆయనే అన్నారు, ఆ రోజు తనకు వీలు కాదనీ, డాన్‌ను డాన్ తీసుకొస్తాడనీ. రెండో డాన్ బావమరిది. ఒకే వాక్యంలో రెండు పేర్లు, ఒకే నోట, ఒకే లైన్ మీద. నాకు వెంట్రుకవాసి తేడా కూడా వినపడలేదు. సుధ నా బోర్డు వైపు చూసింది, ఏమీ అనలేదు.

వినడానికి తేడా ఉంటేనే కదా వినపడేది! ఆయన నోట్లో లేని తేడాను నేను ఆమె చెవిలో వెతుకుతున్నాను.

తప్పులను మళ్లీ విడదీయడం

ఆ రోజే క్వాలిటీ టీమ్ లాగ్ తెప్పించాను. "తప్పు" అనే ఒక్క గడిలో పడి ఉన్నవాటిని సుధతో కూర్చుని మళ్లీ విడదీశాను. మూడు కుప్పలయ్యాయి.

మొదటి కుప్పలో కలిసిపోయిన అచ్చులు. పిట్స్‌బర్గ్‌లో, అరిజోనాలో ఇద్దరు డాన్‌లు. టెన్నెసీలో జెన్నీ, జిన్నీ. అమెరికాలో చాలా ప్రాంతాల్లో 'ర' ముందు అచ్చులు కలిసిపోయాయి కాబట్టి ఆరన్, ఎరిన్. అలాగే కె-తో రాసే కెరీ, సి-తో రాసే క్యారీ. ఇక్కడ శబ్దంలో సమాచారమే లేదు. ఎంత శిక్షణ ఇచ్చినా లేనిది వినపడదు. వాళ్లలో వాళ్లే "డబ్ల్యూ ఉన్న డానా?" అని అడుగుతారు. దక్షిణాది రాష్ట్రాల్లో గుండుసూదికీ కలానికీ ఒకే మాట వినిపిస్తుంది కాబట్టి కలాన్ని 'ఇంక్ పెన్' అంటారు. సుధకు ఇలా చెప్పాను: "మనవాళ్లలో చాలామంది నోట శ, ష తేడా ఉండదు కదమ్మా. పేరు రాసుకునేటప్పుడు 'ఏ శ అండీ?' అని అడుగుతాం. అడిగినవాడికి చెవుడు అనుకుంటామా?"

రెండో కుప్పలో జరిగిపోయిన అచ్చులు. గ్రేట్ లేక్స్ వాళ్ల డాన్, డ్యాన్, యాన్. ఇక్కడ తేడా ఉంది, చోటు మారిందంతే. వాళ్ల డాన్ మన డ్యాన్ ఉండే చోటికొచ్చి కూర్చుంది, వాళ్ల డ్యాన్ ఇంకా పైకెళ్లింది. దీనికి శిక్షణ పనికొస్తుంది.

మూడో కుప్ప మన నోటి నుంచి వచ్చింది. సుధ విన్న పేరును తిరిగి పలికి "డాన్, కరెక్ట్?" అనేది. అవతలివాళ్లు "యా" అనేవారు. ఆ "యా" శబ్దానికి, స్పెల్లింగ్‌కు కాదు. కలిసిపోయిన అచ్చుల దగ్గర ఇలా ధ్రువపరచుకోవడం వల్ల తప్పు తగ్గకపోగా దానికి ముద్ర పడుతుంది. ఈ అలవాటు నేర్పింది మేమే, ఇండక్షన్ మొదటి రోజున.

పనిచేసినవి

మొదటి కుప్పకు ఒకటే మందు: అచ్చు మీద పందెం కట్టకుండా అక్షరాలు అడగడం. అడిగే తీరు మీద మాత్రం చాలాసేపు ఆలోచించాం. "మీ పేరు అర్థం కాలేదు" అంటే అవతలివాళ్లకు ఇండియా ఏజెంట్‌కు ఇంగ్లీషు రాదని అనిపిస్తుంది, ఏజెంట్‌కూ అలాగే అనిపిస్తుంది. అందుకని "ఇన్సూరెన్స్ కార్డు మీద ఎలా ఉందో అలాగే అక్షరాలు చెప్పండి" అని మార్చాం. ఇక ఎవరి ఉచ్చారణా చర్చకు రాదు, కార్డే కారణం.

ఆపరేషన్స్ వాళ్లు ఒప్పుకోలేదు. కాల్ నిడివి, అంటే ఏహెచ్‌టీ, పెరుగుతుందన్నారు. "జాన్ అన్నవాడిని కూడా స్పెల్లింగ్ అడుగుతారా?" అని టీమ్ లీడ్ నవ్వాడు. హెచ్ లేని జాన్‌లు కూడా ఉన్నారని చూపిస్తే ఊరుకున్నాడు. చివరికి మధ్యేమార్గంగా, కొత్త రిజిస్ట్రేషన్లన్నిటికీ అక్షరాలు, పాత పేషెంట్లకు ముందు పుట్టిన తేదీ, ఆ తర్వాత పేరు అని కుదిరింది. మళ్లీ వచ్చే కాల్స్ తగ్గడం చూశాక నిడివి మాట ఎవరూ ఎత్తలేదు.

అక్షరాలు అడిగితే సరిపోదు, మనం తిరిగి చెప్పాలి కూడా. సుధ ఎన్‌ను 'యన్', ఎమ్‌ను 'యమ్', ఓను 'వో' అనేది. మన బళ్లలో అందరం నేర్చుకున్నది అలాగే. "డి, వో, యన్" అంటే ఒకావిడ "అందులో వై ఎక్కడిది?" అని అడిగింది. ఈ మూడు అక్షరాల ముందు పాకే య, వలను తీసేయడానికి వారం పట్టింది. ఎంటీఐ అని నిజంగా రాయదగ్గది ఆ ఫారం మొత్తంలో ఇదొక్కటే.

రెండో కుప్పకు దారి సుధే కనిపెట్టింది. ఆ రెండు వారాల డ్రిల్ కంటే ఆమె ఒక్క షిఫ్టులో విన్నది ఎక్కువ. "మేడమ్, ఈయన 'లాస్ట్ నేమ్' అన్నప్పుడు 'లియాస్ట్' అన్నట్టుంది. అలా అనేవాళ్లు డ్యాన్ అంటే అది డాన్ అయ్యుంటుంది." సరిగ్గా అదే. పేరు ఒక్కటే విని తీర్పు చెప్పకుండా, అదే మనిషి నోట స్పెల్లింగ్ మనకు ముందే తెలిసిన మాట ఎలా పలుకుతుందో చూడాలి. 'డాక్టర్' అనేది 'డ్యాక్టర్'కు దగ్గరగా ఉంటే, 'అక్టోబర్' 'యాక్టోబర్'లా ఉంటే, ఆ కాల్‌లో వినిపించే డ్యాన్‌ను అనుమానించాలి. పుట్టిన తేదీ, లాస్ట్ నేమ్ ఎలాగూ అడుగుతాం, కాబట్టి ఈ పరీక్షకు అదనంగా ఒక్క సెకను కూడా పట్టదు. ఒక జాగ్రత్త చెప్పాను: 'న' ముందు ఈ 'యా' పైకి లేవడం అమెరికాలో చాలాచోట్ల ఉంది, కాబట్టి యాన్ ఇయాన్‌లా వినిపించినంత మాత్రాన గ్రేట్ లేక్స్ అనుకోకూడదు. 'లాస్ట్'లో కూడా లేస్తేనే అనుకోవాలి.

ఇలాంటి సర్దుబాటు ఆమెకు కొత్తేమీ కాదు. 'మేము'లో మే వేరు, 'మేక'లో మే వేరు. రెండోదాన్ని నోరు బాగా తెరిచి పలుకుతాం. రాత ఒకటే అయినా పక్కనున్న అచ్చును బట్టి చెవి సర్దుకుంటుంది. ఈ ఉదాహరణ మొదటి రోజే చెప్పి ఉంటే ఆమె చెవి మీద ఆమెకు నమ్మకం పోయేది కాదు.

ఇంకో చిన్న మార్పు చేశాం. ఎదురుగా లేని మనిషిని 'హీ', 'షీ' అనడం మానేసి 'ద పేషెంట్' అనమన్నాను. ఒక తల్లి తన కూతురు ఎరిన్ గురించి మాట్లాడుతుంటే సుధ మూడుసార్లు 'హీ' అంది, ఆ కాల్ అక్కడే చెడింది.

పిలిచేటప్పుడు మాత్రం పుస్తకం ఉచ్చారణ వద్దన్నాను. వాళ్లు ఎలా పలికితే అలాగే పిలవాలి. ఒకే స్పెల్లింగ్‌తో ఒకావిడ టారా, ఇంకొకావిడ టేరా. కమలా హారిస్ తన పేరు ఎలా పలకాలో చెప్పడానికి ఇంగ్లీషులోని కామా గుర్తును ఉదాహరణగా చూపించారు. అమెరికన్ నోటికి అది బాగానే కుదురుతుంది, 'కామ' అని నోరు తెరుస్తారు. లండన్ మనిషి అదే సలహా పాటిస్తే 'కొమలా' అవుతుంది, వాళ్ల కామాలో అచ్చు గుండ్రటిది. మనమైతే కమల అనేసి ఊరుకుంటాం. సలహాలో కూడా అచ్చు ఉంటుంది, ఆ అచ్చుకూ ఒక ఊరుంటుంది.

ఫలితం, మిగిలిపోయినవి

రెండు నెలలకు పేర్ల మీద వార్నింగులు ఆగిపోయాయి. తప్పులు పూర్తిగా పోలేదు. హడావుడి కాల్స్‌లో అక్షరాలు అడగడం మరిచిపోయినప్పుడు మళ్లీ అదే ఆరన్, అదే ఎరిన్.

నా వైపు మారిందేమిటంటే, ఇప్పుడు ఎవరైనా 'లిజనింగ్ ప్రాబ్లమ్' అని పంపితే ముందు అడిగేది ఎవరి నోట విన్నప్పుడు తప్పిందని. అందరి దగ్గరా తప్పితే చెవి చూడాలి. కొందరి దగ్గరే తప్పితే ఆ కొందరి అచ్చులు చూడాలి. ఆస్ట్రేలియా ప్రాసెస్ నుంచి ఒక కుర్రాడు వచ్చినప్పుడు ఈ ప్రశ్నతోనే సగం పని అయిపోయింది. మెల్‌బోర్న్ వైపు చాలామంది నోట 'ల' ముందు 'ఎ', 'యా' కలిసిపోతాయి, ఎలెన్‌కూ అలన్‌కూ తేడా ఉండదు. అతని తప్పులన్నీ అవే. న్యూజిలాండ్ వాళ్లది జరిగిపోయిన అచ్చు: వాళ్ల బెన్ మనకు బిన్‌లా వినిపిస్తుంది. అక్కడ చెవి సర్దుకుంటుంది, అక్షరాలు అడగాల్సిన పని తక్కువ. డ్రిల్‌కు ఎవరిని పంపాలో, స్క్రిప్ట్ ఎవరికి మార్చాలో ఈ తేడా చూసే నిర్ణయిస్తున్నాను.

సుధ తర్వాత బ్రిటన్ ప్రాసెస్‌కు మారింది. మొదటి వారంలోనే ఫోన్ చేసింది. క్రేగ్ అనే కస్టమర్‌ను, అమెరికా అలవాటు కొద్దీ, 'క్రెగ్' అని పిలిచిందట. అమెరికాలో చాలామంది అలాగే అంటారు. ఆయనకు గ్రెగ్ అని వినిపించి, ఫైలు మారిందేమోనని కంగారుపడ్డాడట.

"మరి అక్షరాలు అడిగావా?"

"అడిగాను మేడమ్. సి, ఆర్ దాకా బాగానే ఉంది. ఆ తర్వాత ఆయన చెప్పిన రెండూ నాకు ఐ, ఐ అనే వినిపించాయి."

ఆయన తూర్పు లండన్ మనిషి. అక్కడి పాత యాసలో 'ఏ' అనే అక్షరం పేరే 'ఐ'కి దగ్గరగా పలుకుతుంది. ఏ ఫర్ ఆల్ఫా, ఐ ఫర్ ఇండియా అని అడగమన్నాను.